మా రేసు కారు
మా ఆయనకు వినపడదంటే ఒప్పుకోడు. "ఇనవడుతది, నువ్వే మెల్లగ మాట్లాడుతవ్" అంటాడు. సిరిసిల్లలో ముప్పై ఏళ్లకు పైగా సాంచెల మధ్య నిలబడ్డ మనిషి. మరమగ్గాలను మేం సాంచెలనే అంటాం. ఆ మోతలో మాట పనికిరాదు, చేతులతోనే చెప్పుకోవాలి. అదే షెడ్డులో ఓ మూల కూర్చుని నేను నూలు కండెలు చుట్టేదాన్ని. నిండిన బుట్ట అందిస్తూ నేను ఆయన ఎడమ చెయ్యి ఒకసారి నొక్కితే సాంచెలన్నీ నడుస్తున్నాయని అర్థం. రెండుసార్లు నొక్కితే వెనకాల ఏదో ఆగిందని. మా కొత్త కాపురం కబుర్లు చాలావరకు అవే. పోట్లాడుకోవాలన్నా కరెంటు పోయేదాకా ఆగేవాళ్లం.

సాంచెల పని మానేశాక ముచ్చటపడి ఓ పాత కారు కొన్నాడు. గేర్ల కారు. గేరు ఎప్పుడు మార్చాలో ఇంజన్ చప్పుడును బట్టే తెలియాలి కదా, ఆ చప్పుడు ఈయన దాకా చేరదు. ఓ పొద్దున తంగళ్ళపల్లి దాటేదాకా మొదటి గేరులోనే నడిపాడు. బండి మొత్తుకుంటోంది, పక్కన నేనూ మొత్తుకుంటున్నాను, ఈయనేమో పొలాలు చూపిస్తూ నవ్వుతున్నాడు. చివరికి ముందు నుంచి పొగ లేచింది. టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు పడీ పడీ నవ్వారు. ఆ నవ్వు ఆయనకు వినపడకపోయినా కనపడింది. వారం తిరగకుండా కారు అమ్మేసి, "ఇగ స్టీరింగ్ ముట్ట" అన్నాడు.

అన్నట్టే ముట్టలేదు. ఎక్కడికీ కదలడం కూడా మానేశాడు. మేడిపల్లిలో మా అక్క ఇంటికి నేనొక్కదాన్నే బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. తిరిగొచ్చేసరికి అదే కుర్చీలో, అదే గోడ చూస్తూ ఉండేవాడు. నాకది నచ్చలేదు. ఎనిమిది సాంచెలను ఒక్కచేత్తో నడిపిన మనిషి ఓ నవ్వుకు భయపడి కుర్చీకి అతుక్కుపోతే చూస్తూ ఊరుకోలేకపోయాను. మళ్లీ ఆయన చేత స్టీరింగ్ పట్టించాలని పంతం పట్టాను.

గేర్లు వాటంతటవే మారే ఆటోమేటిక్ కార్లు ఉన్నాయని తెలిసి, బలవంతాన జగిత్యాల లాక్కెళ్లాను. అక్కడ పాత కార్లు అమ్మే అతను ఓ తెల్ల కారు చూపించాడు. తాళం లేదు, బటన్ నొక్కాలి. ఈయన నొక్కాడు, ఇంజన్ మొదలైంది. వినపడలేదు కాబట్టి మళ్లీ నొక్కాడు, ఆగింది. ఇంకోసారి నొక్కాడు. "కాకా, అది లిఫ్టు బటన్ గాదు!" అన్నాడు అతను. ఈయన దిగి బస్టాండు వైపు నడిచాడు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత మా అక్కే కోరుట్ల కారు సంగతి చెప్పింది. దుబాయిలో నడిపిన అలవాటుతో ఇక్కడా ఆటోమేటిక్కే కొన్న ఓ యువకుడిది. సెలవు మీద వచ్చినప్పుడల్లా దానికి ఏదో ఒకటి చేయించాడు. వెడల్పు టైర్లు, నేలకు ఆనుతుందా అన్నట్టు కిందికి దించిన బాడీ, వెనక ఓ రెక్క, ఎర్ర సీట్లు, జబ్బ దూరేంత లావు సైలెన్సర్. ఇంజన్‌ను కూడా కెలికించాడట, కాలు ఆనిస్తే దూకుతుందట. తిరిగి దుబాయి వెళ్తూ అమ్ముతున్నాడు.

"ముందే చెప్తున్న చిన్నమ్మా, జర లొల్లి చేస్తది" అన్నాడతను, మేం చూడ్డానికి వెళ్తే.

"జర కాదక్కా" అంది వాళ్లమ్మ, గేటు పట్టుకుని. "గిది స్టార్ట్ చేస్తే మా బర్రె పాలియ్యది."

ఈయన నా పోరు పడలేక కూర్చుని తాళం తిప్పాడు. కోళ్లు గోడెక్కాయి. ఆయన అరచెయ్యి ఛాతీ మీద పెట్టుకుని నా వైపు తిరిగాడు. "నడుస్తున్నదే! నాకు ఇనవడుతున్నది!" అంటే మిగతావి వినపడలేదని ఒప్పుకున్నట్టే. ఆ ముఖం చూశాక ఆ మాట ఎత్తబుద్ధి కాలేదు. కారుకు మొదట ఉన్న అసలు సైలెన్సర్‌ను గోనెసంచిలో చుట్టి డిక్కీలో పెట్టి మరీ ఇచ్చాడా యువకుడు.

మా వాడలో సాంచెల మోతకు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మిగతా ఊళ్లలో మాత్రం తమాషాగా ఉండేది. చప్పుడు విని జనం రోడ్డు దిగి నిలబడేవారు, ఏదో దూసుకొస్తోందని. ఎంతసేపటికీ ఏదీ రాదు. చివరికి నలభై స్పీడులో నెరిసిన జుట్టు మనిషీ, ఒళ్లో సకినాల డబ్బాతో నేనూ వచ్చేవాళ్లం.

జగిత్యాల చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు ఆపాడు. "పోరగాళ్లనుకున్న అంకుల్. మీరేంది!" అని కాసేపు నవ్వి, తర్వాత గట్టిగానే చెప్పాడు, సైలెన్సర్ మార్పించమని. న్యాయమే. పసిపిల్లలూ జబ్బు మనుషులూ ఉండే వీధులు. అప్పుడే మెకానిక్ దగ్గరికి పోయి గోనెసంచి విప్పాం.

పని అయ్యాక ఆయన తాళం తిప్పాడు. అరచెయ్యి ఛాతీ మీద పెట్టుకుని చూశాడు, ఏమీ తెలియలేదు. స్టీరింగ్ మీది నుంచి చేతులు తీసేశాడు.

"నాతోని గాదే. బస్సుకు పోదాం."

మళ్లీ ఆ కుర్చీ, ఆ గోడ కళ్ల ముందు కనపడ్డాయి. ఇంజన్ నడుస్తూనే ఉంది. చెప్పినా వినపడదు. గేరు మార్చే పని లేని ఆయన ఎడమ చెయ్యి తొడ మీద ఊరికే పడి ఉంది. దాన్ని పట్టుకుని ఒకసారి నొక్కాను.

ఆయన నా చేతి వంక చూశాడు. "నడుస్తున్నదా?" అని అడిగాడు. మళ్లీ ఒకసారి నొక్కాను. అద్దం సర్దుకుని మెల్లగా బండి కదిలించాడు. దారి పొడుగునా వెనక హారన్ వినిపిస్తే నేను ఆ చెయ్యి అటో ఇటో లాగాను, ఆయన తప్పుకున్నాడు.

ఇంటి ముందు తాళం తిప్పి, నిజంగా ఆగిందా అన్నట్టు నా వైపు చూశాడు. రెండుసార్లు నొక్కాను. దిగుదామనడానికి మా దగ్గర గుర్తు లేదు. అందుకని కాసేపు అలాగే కూర్చున్నాం.