పిస్కాటవే పొలిమేర

ఆ ఆదివారం మా ఇంట్లో భజన. చుట్టుపక్కల తెలుగువాళ్ళం నెలకోసారి ఎవరో ఒకరింట్లో చేరి, పటాలు పెట్టుకుని పాడుకుని, పులిహోర తిని, గ్రీన్‌కార్డుల సంగతులు మాట్లాడుకుని వెళ్ళేవాళ్ళం. డెబ్బైలు అయిపోయి ఎనభైలు అప్పుడే మొదలవుతున్నాయి. న్యూజెర్సీ పిస్కాటవేలో మాది చిన్న అపార్ట్‌మెంట్. వంతు మాకు రావడం అదే మొదలు. వారం ముందునుంచే నాకు నిద్రలేదు. దుప్పట్లు చాలుతాయా, అగరుబత్తి పొగకి పైకప్పులో ఉన్న అలారం మోగుతుందా, మోగితే పక్కవాళ్ళు పోలీసుల్ని పిలుస్తారా! కంగారు నా రెండో ఉద్యోగం అనేవాడు మా ఆయన. ఆ నెల ఆయన ఆఫీసు పని మీద వేరే రాష్ట్రంలో ఉన్నాడు.

పొయ్యి మీద పులిహోర పోపుకి నూనె పెట్టి, ఈలోపు మా అమ్మాయికి జడ వేద్దామని కూర్చున్నాను. దానికప్పుడు అయిదేళ్ళు. చెవి వెనక ఒక పొక్కు కనిపించింది. జుట్టు పైకెత్తి చూశాను. మెడ మీద ఇంకొన్ని, నీటి బొట్లలా మెరుస్తున్నాయి. వారమంతా మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసేదాన్ని, దాన్ని చికెన్‌పాక్స్ అంటారని నాకు తెలియక కాదు. అయినా నా నోటికొచ్చింది మా అమ్మ మాట.

"అమ్మవారు వచ్చింది."

లేచి పరిగెత్తి పొయ్యి కట్టేశాను. ఆవాలు ఇంకా వెయ్యలేదు, అదే అదృష్టం. మా వైపు ఆటలమ్మని జబ్బు అనరు. ఆవిడ ఇంటికొచ్చిన చుట్టం. ఉన్నన్నాళ్ళూ ఇంట్లో పోపు పెట్టకూడదు, నూనె చుయ్యిమంటే ఆవిడకి కోపం. పిల్లకి తల దువ్వకూడదు, నేను అప్పటికే సగం దువ్వేశాను. ఆవిడ ఉండగా ఇంకో దేవుడికి దీపం పెట్టకూడదు, నలుగురినీ పిలవకూడదు. వేపాకు వేసి ఎండలో కాగిన నీళ్ళు పిల్లకి పోస్తారు. మూడో నీళ్ళయ్యాక పెరుగన్నం నైవేద్యం పెట్టి, ముంతలో పసుపునీళ్ళూ వేపమండలూ ఉంచి, ఊరి పొలిమేర దాకా తీసుకెళ్ళి ఆవిడని సాగనంపుతారు. తిరిగొచ్చేటప్పుడు వెనక్కి చూడకూడదు. చూస్తే పిలిచినట్టే, మళ్ళీ వెంట వచ్చేస్తుంది.

అయితే ఇవన్నీ మా ఊళ్ళో ఏ ఒక్కరూ ఒంటిచేత్తో చేసేవాళ్ళు కాదు. ముంత కుమ్మరి ఇచ్చేవాడు. వేపమండలు చాకలామె తెచ్చి గుమ్మానికి కట్టేది, చివరికి ముంత మోసుకుని పొలిమేరకి వెళ్ళేదీ ఆవిడే. గుమ్మానికి మండలు చూసి వీధిలో వాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. మా అమ్మ చేసిందల్లా మంచం పక్కన కూర్చుని భయపడటం. నాకు బాగా వచ్చింది కూడా అదొక్కటే.

భజన నడిపించే పెద్దావిడకి ఫోన్ చేశాను. మాకంటే ముందు వచ్చిన కుటుంబం వాళ్ళది. అందరం ఆవిడని అక్కయ్యగారూ అనేవాళ్ళం, పిల్లలకి ఆంటీ.

"అక్కయ్యగారూ, ఇవాళ మా ఇంట్లో కుదరదండి. పాపకి అమ్మవారు..."

"చికెన్‌పాక్సా?" ఆవిడ గొంతు వెనక వాళ్ళాయనవీ ఇంకెవరివో మాటలు వినిపిస్తున్నాయి. "డాక్టర్‌కి కాల్ చేశావా? కాలమైన్ లోషన్ రాయి. అమ్మవారూ గిమ్మవారూ అని పిల్లని స్కేర్ చెయ్యకు అమ్మాయ్. చదువుకున్నదానివి. భజన మా ఇంటికి షిఫ్ట్ చేసేస్తాలే."

ఫోన్ పెట్టేసి చాలాసేపు సింకు దగ్గర నిలబడ్డాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. మర్నాడు డాక్టర్ దగ్గరికి వెళ్ళాం, లోషన్ తెచ్చాం, చెప్పినట్టే రాశాను. అటు లోషన్, ఇటు అమ్మవారు. ఇద్దరిలో ఎవరికి కోపం వచ్చినా పడేది నా పిల్ల మీదే కదా!

వంటింటి మూల స్టీలు గ్లాసులో పసుపునీళ్ళు పెట్టాను. న్యూజెర్సీలో వేపాకు ఎక్కడ దొరుకుతుంది? పార్కింగ్ లాట్ పక్కన చెట్టు రెమ్మ ఒకటి తుంచుకొచ్చి గ్లాసులో ఉంచి, "సర్దుకో తల్లీ" అన్నాను. అన్నాక భయమేసింది. అది వేప కాదని ఆవిడకి తెలియదా? సరిగ్గా చేస్తున్నావనీ, తప్పు చేస్తున్నావనీ చెప్పే మనిషి పక్కన లేకపోవడం ఎంత భయమో నాకు అప్పుడే తెలిసింది. పిల్ల మూలిగితే గ్లాసు వైపు చూసేదాన్ని. గ్లాసులో రెమ్మ వాడితే పిల్ల నుదురు పట్టుకుని చూసేదాన్ని.

తర్వాత నీళ్ళ గొడవ వచ్చింది. మా బాల్కనీ ఉత్తరం వైపు, ఎండ చుక్క పడదు. ఎదురింటావిడ బాల్కనీకి రోజంతా ఎండ. ఆవిడ యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసే అమెరికన్, ఒక్కతే ఉంటుంది. పున్నమికి బాల్కనీలో కొవ్వొత్తి వెలిగించి, గిన్నెలో ఉప్పు పోసి, చంద్రుడికేసి చూస్తూ ఏదో గొణుక్కుంటూ కింద పార్కింగ్ లాట్‌లోంచి కనిపించేది. ఒకసారి లిఫ్ట్ దగ్గర తనే చెప్పింది, తాను పాగన్‌నని. ఆ మాట నేను మొదట విన్నది గుంటూరు కాన్వెంట్‌లో. బొమ్మలకి మొక్కే అజ్ఞానులని సిస్టర్ మమ్మల్ని అనేది. తిట్టని నేర్చుకున్న మాటని ఈవిడ ఇంటిపేరులా చెప్పుకుంటుంటే బిత్తరపోయి చూశాను. ఆ తర్వాత ఎదురుపడితే నవ్వి తప్పుకునేదాన్ని.

ఇప్పుడు స్టీలు బకెట్ పట్టుకుని ఆవిడ తలుపే కొట్టాల్సొచ్చింది. పిల్లకి చికెన్‌పాక్స్, ఈ నీళ్ళు ఎండలో వేడెక్కాలి అన్నాను. ఎందుకని అడిగితే ఏం చెప్పాలో తెలియదు. ఆవిడ ఎందుకని అడగలేదు. "ఎండ ఒక్కటే చాలా, వెన్నెల కూడా తగలాలా?" అంది. నాకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ తిరిగాయి. గుమ్మంలోనే నిలబడి మొత్తం చెప్పేశాను, పోపు సంగతీ, పొలిమేర సంగతీ, వేప కాని రెమ్మ సంగతీ.

నీళ్ళు వేడెక్కేదాకా ఆవిడ తన సంగతి చెప్పింది. ఒకప్పుడు ఆడవాళ్ళ గుంపు ఒకటి ఉండేదట, వలయంగా నిలబడి చేతులు పట్టుకుని పాడేవాళ్ళట. ఎవరు ముందు నిలబడాలన్నదాని మీద మాటామాటా వచ్చి మానేసిందట.

"గుంపులో ఉన్నప్పుడు, వాళ్ళు చూస్తున్నారని చేస్తున్నానేమో అనిపించేది. ఇప్పుడు ఒక్కదాన్నే చేస్తుంటే, అంతా నేనే అల్లుకుంటున్నానేమో అని భయం" అంది.

"మరి ఏది నయం?"

"తెలిస్తే నీకు చెప్పనా?"

నాకు ధైర్యం రాలేదు కానీ, ఈ కంగారు పడేదాన్ని నేనొక్కదాన్నే కాదని తెలిసింది. అప్పటినుంచి నీళ్ళు పోసే రోజల్లా బకెట్ ఆవిడ బాల్కనీలో పెట్టేదాన్ని.

పొక్కులు మాడుతున్నాయనగా ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. చూస్తే అక్కయ్యగారు, ఒక్కతే వచ్చింది. వంటింటి మూల గ్లాసు అలాగే ఉంది. పసుపు మరకలు గుమ్మం మీదే ఉన్నాయి. అడ్డంగా నిలబడదామనుకున్నాను గానీ ఆవిడ అప్పటికే లోపలికొచ్చి, ముక్కు ఎగబీల్చి చూస్తోంది.

"పోపు వాసన లేదు" అంది.

నేను గ్లాసుకి అడ్డంగా జరిగాను.

"కారిడార్‌లోనే అనుకున్నా. మన ఇల్లంటే ఎలివేటర్ దిగగానే తెలిసిపోద్ది కదా. ఎన్నాళ్ళబట్టి పెట్టలేదు?"

"మొదటి పొక్కు చూసినప్పటి నుంచీ."

ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ తెరిచి అల్యూమినియం రేకు పొట్లం ఒకటి తీసింది. చల్లగా తడిగా ఉంది. విప్పితే వేపాకు! నల్లబడిపోయి, రెమ్మకి అతుక్కుపోయి ఉంది గానీ వేపే. వాసన ముక్కుకి తగలగానే నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

"ఇండియా నుంచి వచ్చేప్పుడు చీరల మధ్య పెట్టి తెచ్చా. ఫ్రీజర్‌లో దాచా, ఫ్రోజెన్ బఠాణీల కింద. మావాడికి వచ్చినప్పుడు సగం వాడా" అంది.

"మరి ఫోన్‌లో అలా..."

"మా ఆయన పక్కనే ఉన్నాడు. మా కార్లో మీ ఇంటికి రావడానికి భజన వాళ్ళు ఇద్దరు అప్పటికే వచ్చి కూర్చున్నారు. ఏం చెప్పమంటావు?" ఆవిడ గొంతు తగ్గింది. ఇంట్లో మేమిద్దరం, నిద్రపోతున్న పిల్ల తప్ప ఎవరూ లేరు. "నేను ఆవిడని సాగనంపలేదు అమ్మాయ్. ఎక్కడికి తీసుకెళ్ళాలో తెలీలేదు, ఎవర్ని అడగాలో తెలీలేదు. ఆ వేపమండల్ని బ్రౌన్ పేపర్ బ్యాగ్‌లో పెట్టి చెత్త డంప్‌స్టర్‌లో వేసేశా. అప్పట్నుంచీ వాడికి ఒళ్ళు వెచ్చబడితే చాలు, నా కాళ్ళు చల్లబడిపోతాయి. వాడికిప్పుడు డ్రైవింగ్ లైసెన్స్ కూడా వచ్చింది."

నెలనెలా ఆవిడ పక్కన కూర్చుని చప్పట్లు కొడుతూ పాడాను. ఇద్దరికీ ఒకే భయం. ఒక్కసారీ నోరు విప్పలేదు. మిగతావాళ్ళ ఫ్రీజర్లలో ఏముందో ఎవరికి తెలుసు?

మూడో నీళ్ళు ఆ వేపాకుతో పోశాం. ఇక పొలిమేర. అపార్ట్‌మెంట్లకి పొలిమేర ఏది? గేటా, పార్కింగ్ లాటా? ఎదురింటావిడే ఆలోచించి చెప్పింది, పక్క ఊరు ఎడిసన్ వైపు వెళ్ళే రోడ్డులో ఊరి పేరున్న బోర్డు ఉంది, దానికి అటు పిస్కాటవే కాదని.

"అంటే ఎడిసన్ వాళ్ళ మీదికి తోలుతున్నామా?" అన్నాను. మా ఊళ్ళో పక్క ఊరివాళ్ళతో తగువులు దీనిమీదే వచ్చేవి.

"అక్కడ మనవాళ్ళు ఎవరున్నారులే" అంది అక్కయ్యగారు. అప్పట్లో ఆ మాట నిజమే, ఇప్పుడైతే అక్కడ అడుగడుక్కీ మనవాళ్ళే.

కారు అక్కయ్యగారిది, పొడుగాటి స్టేషన్ వ్యాగన్. నేను ముందు సీటులో. ఎదురింటావిడ మధ్య సీటులో ముంత ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నిజానికి అది ముంత కాదు, ఆవిడ ఇచ్చిన మట్టి పూలకుండీ, అడుగు చిల్లికి మైనం పెట్టి మూసింది. మా అమ్మాయిని ఒక్కదాన్నీ ఇంట్లో వదల్లేం కనక వెంట తెచ్చాం. అది ఎగిరి గంతేసి వెనకాల సీటులో కూర్చుంది. ఆంటీ కారంటే దానికి ప్రాణం, ఆ సీటు కోసమే.

బోర్డు దగ్గర కారు ఆపి ముగ్గురం దిగాం. చెట్టు మొదట్లో కుండీ పెట్టి, ఆకులో పెరుగన్నం పెట్టాను. ఏం అనాలో మంత్రం ఏదీ రాదు. "వెళ్ళిరా" అనకూడదు కదా, రమ్మన్నట్టవుతుంది. "చల్లగా వెళ్ళు తల్లీ" అంది అక్కయ్యగారు. ఎదురింటావిడ తన భాషలో ఏదో అంది. అదే సమయానికి ఒక కారు మా పక్కన నెమ్మదించింది. రోడ్డు పక్కన చెత్త వేస్తున్నామనుకుంటున్నాడేమో, దిగుతాడేమో, పేరు అడుగుతాడేమో! అతను చెయ్యూపి వెళ్ళిపోయాడు.

గబగబా వచ్చి కారెక్కాం. "అద్దంలోకి కూడా చూడను" అని అక్కయ్యగారు లోపలి అద్దం పైకి తిప్పేసింది. ముగ్గురం మెడలు బిగబట్టుకుని ముందుకే చూస్తున్నాం. కారు కదిలి కొంత దూరం వెళ్ళాక, నాకు వెనక సీటు సంగతి గుర్తొచ్చింది.

ఆ వ్యాగన్‌లో చివరి సీటు వెనక్కి తిరిగి ఉంటుంది. అందులో కూర్చున్నవాళ్ళు వెనక అద్దంలోంచి, వచ్చిన దారినే చూస్తూ వెళ్తారు. వెనక్కి చూడకూడదని ముగ్గురు పెద్దవాళ్ళం ఇంత చేసి, అమ్మవారు పోసిన పిల్లనే తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెట్టాం.

"అక్కయ్యగారూ, పాప..." అన్నాను. ఆవిడకీ అప్పుడే తట్టింది. కారు ఆపితే ఇంకా అక్కడికి దగ్గరే. వెనక్కి తిరిగి పిల్ల కళ్ళు మూద్దామంటే నేనూ చూసినట్టే. ఏం చెయ్యాలో తోచక, తల తిప్పకుండానే అరిచాను.

"కళ్ళు మూసుకో అమ్మా! వెనక్కి చూడకు!"

"వై?"

"అటు చూస్తే ఆవిడ మళ్ళీ మనతో వచ్చేస్తుంది!"

అది అద్దానికి ముక్కు ఆనించి తీక్షణంగా చూస్తోందని నాకు చూడకుండానే తెలుసు.

"రావట్లేదు, మమ్మీ" అంది. "నేను చూస్తూనే ఉన్నా. ఆమె అక్కడే కూర్చుంది. రైస్ తింటుంది."

అక్కయ్యగారు కారు రోడ్డు పక్కకి తీసి ఆపేసింది. స్టీరింగ్ మీద తల పెట్టుకుని, కొడుక్కి ఆటలమ్మ పోసినప్పటి నుంచీ దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది.