అత్తమ్మ ఆర్పిన సాంబ్రాణి

మిర్యాలగూడలో భౌతికశాస్త్రం బోధించే నేను ఆధారం లేని మాటను నమ్మను. నిరుడు మా పసిపాపకు ఆయాసం వస్తే, ఇంట్లో ఏ పొగా ఉండకూడదని వైద్యురాలు చెప్పారు. మర్నాడు పాపకు స్నానం చేయించి అలవాటుగా సాంబ్రాణి వేస్తున్న అత్తమ్మ, వాకిట్లో బీడీ కాలుస్తున్న మామయ్యను మందలించారు.

"పిల్లకు పొగ పడదట. అది పారెయ్యరాదూ?"

"మరి నీ సాంబ్రాణిది పొగ కాదా?" అని ఆయన, పాపను చూడవచ్చిన చుట్టాల ముందే నవ్వారు.

అత్తమ్మ నావైపు తిరిగారు. "నిజం చెప్పు బిడ్డా, ఇది గూడ పడదా?"

"పడదత్తమ్మా."

తన పిల్లలందరినీ ఆ పొగతోనే పెంచిన ఆమె, అక్కడికక్కడే నిప్పుల మీద నీళ్లు పోసి మామయ్యతో అన్నారు: "నాది బంద్ చేసిన. ఇగ నీ ఇష్టం."

మామయ్య బీడీకట్టను ఆ తడిబొగ్గుల్లో పడేశారు.

పాప కోలుకోవడానికి అదే కారణమని నేను నిరూపించలేను, మందులూ వాడాం. తనకు వ్యతిరేకమైన ఆధారాన్ని అంత వెంటనే అంగీకరించిన మనిషిని మాత్రం ప్రయోగశాలల్లోనూ చూడలేదు.