తొమ్మిదో గడి బోల్టులు

జూన్ మొదటి సోమవారం ఉదయం ఆరూ నలభైకి దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కాను. ఏడూ పదికి ఎల్బీనగర్ అవతల, ఒక కాలనీ వెనక, వాననీళ్లు పోయే నాలా గట్టు మీద ఉన్నాను. ఎండ అప్పటికే మాడుస్తోంది.

మిలిటరీ నర్సుగా ఇరవై రెండేళ్లు పనిచేసి మేజర్‌గా రిటైరయ్యాను. ఎవరు కలిసినా సరిహద్దు సంగతులు అడుగుతారు. నన్ను వదలని డ్యూటీ మాత్రం ఆ గట్టు మీదిది. నా డెబ్బై ఒకటో ఏట చేసింది.

ఆ కాలనీలో నాకొక చిన్న ఇల్లుంది, కిరాయికిచ్చాను. అంతకు ముందు వానాకాలం రోడ్డూ నాలా ఒకటైపోయి, పాలు పోసే ఆవిడ స్కూటీతో సహా కొట్టుకుపోయింది. అందుకని కాలనీవాళ్లు చందాలు వేసుకుని ఇనుప కంచె కట్టిస్తున్నారు. మిలిటరీ మనిషినని పని నన్ను చూడమన్నారు. ఆదేశం ఒక్కటే. బోనాలలోపు కంచె నిలబడాలి.

ఇరవై అడుగుల రోడ్డు. దాని అంచునే ఎనిమిది అడుగుల లోతు నాలా. నీళ్లు నిండితే అంచు ఎక్కడో తెలియదు. కంచె మొత్తం పన్నెండు గళ్లు. స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాన్ని గడి అనేవాళ్లం. గడికి మూడు అడ్డపైపులు.

దళంలో నాతో పాటు ఇద్దరు. పైపులు కోసే కటింగ్ మేస్త్రికి యాభై ఎనిమిదేళ్లు. అతని రేకుల ఇల్లు నాలాకు ఎదురుగా, తొమ్మిదో గడికి సూటిగా ఉంది. ఇంట్లో ఆరేళ్ల మనవరాలు, ఆ గట్టు పక్కనుంచే బడికి పోయేది. వెల్డర్ తుని వైపు కుర్రాడు, ముప్పై దాటలేదు.

గుండ్రటి స్తంభానికి అడ్డపైపు అతకాలంటే కొసను తిన్నగా కోస్తే కుదరదు. స్తంభం ఒంటికి సరిపోయేలా లోపలికి వంపుగా కోయాలి. మేస్త్రి దాన్ని నోరు తియ్యడం అనేవాడు. సుద్దతో గీత గీసి, మిషన్‌తో కోసి, ఆకురాయితో అరగదీసేవాడు. స్తంభానికి ఆనించి ఎండకేసి చూసేవాడు. సందులోంచి వెలుతురు కనబడితే మళ్లీ ఆకురాయి.

వెల్డర్ విసుక్కునేవాడు. ఆ సందేదో తన రాడ్డుతో పూడ్చేస్తానని, ఇది కంచేగానీ వడ్డాణం కాదని అనేవాడు.

“మా పిల్ల పట్టుకునే పైపు ఇది. నా ఇంటి ముంగట సందుండొద్దు,” అన్నాడు మేస్త్రి ఒకసారి. తర్వాత నా వైపు తిరిగి, “మేజరమ్మా, గీ పోరనికి జర కోర్టు మార్షల్ జెయ్యి,” అన్నాడు.

“మేడమ్ గారండీ, ఆయన కోసేదాకా ఆగితే నాకు పెన్షనొచ్చేస్తాదండీ,” అన్నాడు వెల్డర్.

మూడో వారంలో కాలనీ పెద్దావిడలు వచ్చారు. గట్టు మీద, కంచెకు నాలావైపు మైసమ్మ గద్దె ఉంది. కంచె మూస్తే అమ్మ దారి మూసినట్టేనన్నారు. మేస్త్రే ఉపాయం చెప్పాడు. తొమ్మిదో గడిని ఊడదీసేలా చేద్దామన్నాడు. కాంక్రీటులో రెండు లావుపాటి పైపులు పాతి, గడి కాళ్లు వాటిలోకి దించి, ఒక్కో కాలికి ఒక్కో బోల్టు అడ్డంగా దూర్చాడు. బోల్టులు తీస్తే గడి పైకి లేస్తుంది, పెడితే కదలదు. నలుగురు పిల్లల్ని దాని మీద వేలాడదీసి పరీక్షించాను. కదల్లేదు.

బోనాల ఆదివారం ఉదయం తొమ్మిదికి గడి తీశాం. ఆడవాళ్లు బోనాలు తీసుకుని గద్దె దగ్గరికి వెళ్లారు. రెండున్నరకి గడిని మళ్లీ దించాం. బోల్టులు లేవు. కొత్తగా చేసిన పనిలోంచి ఒక వస్తువు అమ్మ ముందు పెట్టడం మేస్త్రి ఇంటి ఆచారమట. రెండు బోల్టులకూ పసుపు, కుంకుమ పెట్టి గద్దె మీద ఉంచాడు. తెమ్మన్నాను.

“అమ్మ ముంగట పెట్టినయి నడిమిట్ల తియ్యొద్దు మేజరమ్మా. పొద్దుగూకినంక దీపం పెట్టి తెస్త.”

పండగకి హార్డ్‌వేర్ దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. వెల్డర్ తన సన్నటి వెల్డింగ్ రాడ్లు నాలుగేసి కలిపి ఒక్కో రంధ్రంలో దూర్చాడు. పైన ఇనుప తీగ చుట్టాడు. సాయంత్రం వరకే కదా అన్నారు. ఆకాశం తెల్లగా ఉంది. సరేనన్నాను.

మూడూ నలభైకి వాన మొదలైంది. పావుగంటలో కరెంటు పోయింది. వెల్డింగ్ మిషన్ ఇక పనికిరాదు. ఎగువ కాలనీల నీళ్లు వచ్చి గద్దెను, దాని మీది బోల్టుల్ని ముంచేశాయి. నాలుగున్నరకి రోడ్డు మీద మోకాళ్లు దాటాయి. రోడ్డు చివర టెంటు కింద తింటున్న ఆడవాళ్లూ పిల్లలూ అక్కడ నిలబడలేకపోయారు. మెయిన్ రోడ్డుకి దారి కంచె పక్కనుంచే.

కుడిచేత్తో పైపు పట్టుకుని వరసగా రమ్మన్నాను. ఎనిమిదో గడి దగ్గర నేను, పదో గడి దగ్గర వెల్డర్. తొమ్మిదో గడి దగ్గర మేస్త్రి ఒక చేయి పక్కనున్న స్తంభానికి, ఒక చేయి ఊడే గడికి చుట్టి నిలబడ్డాడు. అక్కడ బోల్టు అతనే.

మనవరాలు నడుములోతు నీళ్లలో పక్కింటావిడ కొంగు పట్టుకుని వచ్చింది.

“కొంగు ఇడిశిపెట్టు బిడ్డా. పైపు పట్టుకో. నేను చేసిన పైపు, ఏం గాదు.”

పిల్ల పైపు పట్టుకుని దాటింది.

వరస చివర ఇద్దరు ఆడవాళ్లు తొమ్మిదో గడి మీద చేతులేసి ఉండగా టెంటు బల్ల ఒకటి కొట్టుకొచ్చి గడికి తగిలింది. రాడ్లు వంగిపోయాయి. తీగ తెగింది. గడి పైకి లేచింది. మేస్త్రి స్తంభాన్ని వదిలి, ఆ చేత్తో ఇద్దరినీ వెల్డర్ వైపు తోశాడు. వెల్డర్ ఒకావిడ జడ, ఒకావిడ భుజం దొరకబుచ్చుకున్నాడు. గడి నాలాలో పడింది. మేస్త్రి దానితోనే వెళ్లాడు.

మర్నాడు మధ్యాహ్నం చాలా దిగువన దొరికాడు. చేయి ఇంకా అడ్డపైపుకి చుట్టే ఉంది. అతుకులు ఒక్కటీ ఊడలేదు. విడదీసింది నేనే.

కొత్త గడికి నోళ్లు వెల్డరే కోశాడు. ఒక్కో కొసను ఎండకేసి పట్టి చూసి, మళ్లీ మళ్లీ అరగదీశాడు. ఊడదీయడానికి వీల్లేకుండా అతికేశాడు. పెద్దావిడలు కంచె ఇవతలి నుంచే అమ్మకి దండం పెట్టుకున్నారు. గద్దె మీద బోల్టులు అలాగే ఉన్నాయి. పసుపు కొట్టుకుపోయి తుప్పు పట్టాయి. ఎవరూ ముట్టుకోరు.

పని ముగించి నేను శుక్రవారం దిల్‌సుఖ్‌నగర్ తిరిగొచ్చాను. బయలుదేరే ముందు ఆ పిల్ల బడికి పోతూ కనబడింది. నేల పొడిగా ఉంది. అయినా కుడిచెయ్యి పైపు మీద ఉంచి నడుస్తోంది. తొమ్మిదో గడి రాగానే చెయ్యి తీసేసింది. అది దాటాక, పదో గడి దగ్గర మళ్లీ పట్టుకుంది. కళ్లు మూసుకుంటే నాకు కనబడేది అదే.

పోయినవి: కటింగ్ మేస్త్రి ఒకడు. మూడు అడ్డపైపుల గడి ఒకటి. ఎనిమిది వెల్డింగ్ రాడ్లు. ఆకురాయి ఒకటి, అతని జేబులో ఉండింది, దొరకలేదు.