మరచెంబు మూతతో చేసిన చేప

ఇత్తడిని చింతపండుతో తోమితే పుల్లగా, కాస్త నెత్తుటి వాసనలా ముక్కుకి తగులుతుందే, ఆ వాసనకి చాలామందికి దేవుడి గది గుర్తొస్తుంది. నాకు మా చిన్నాన్న గుర్తొస్తాడు. మొన్న పొద్దున పెరట్లో మా ఆవిడ దీపపు కుందులు ముందేసుకుని తోముతోంది. పక్కనే టీ గ్లాసు పట్టుకుని బుద్ధిగా కూర్చున్నవాణ్ణి, ఉన్నట్టుండి పళ్లు పటపటా కొరికాను. "టీలో పంచదార ఎక్కువైపోనాదేటి?" అంది. కాదు, ఎప్పటిదో పసుపు ఎక్కువైంది అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. నా మాటలు అర్థం కాకపోవడం ఆవిడకి అలవాటే కాబట్టి పట్టించుకోలేదు కూడా.

మాది పద్మనాభం వైపు పల్లె, వరి తప్ప ఇంకో పని తెలియని కుటుంబం. నాన్నకి ఓడరేవులో కళాసీ పని దొరికి పట్నం చేరితే, ఆయన వెనకే ఆయన తమ్ముడూ చేరాడు. ఆయనే మా చిన్నాన్న. డెబ్బైల చివరి రోజులవి. పాతపట్నంలో ఓడరేవు గోడకి దగ్గరగా ఓ పెంకుటింట్లో అందరం సర్దుకుని ఉండేవాళ్లం. పొద్దున తీగ మీద ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి ఇనుప ఖనిజం ధూళి తాగి ఎర్రచొక్కా అయ్యేది. ఓడ కూతతో నిద్ర లేచేవాళ్లం, ఎండుచేపలు కాలుస్తున్న వాసనతో ఆకలి లేచేది. వేసవి వచ్చిందంటే ఆనందపురం నుంచి బస్సు టాపు మీద దిగే పనసకాయలు, తాటిముంజల గెలలు, తిన్నాక గొంతంతా గీరుకుపోయే జీడిమామిడి పళ్లు. నూకాలమ్మ పండక్కి అమ్మ పాకం గారెలు వండితే బెల్లం పాకం మోచేతి దాకా కారేది, దాన్ని నాలుకతో పైదాకా నాక్కుంటూ వెళ్లడం మాకు గారె కంటే ఎక్కువ పండగ. బడి సంగతి అడక్కండి. ఏడో తరగతిలో నేను బడికీ, బడి నాకూ సెలవు ఇచ్చుకున్నాం. ఇద్దరం సుఖపడ్డాం.

పల్లెలో నాగలి పట్టడానికి నడుం నొప్పి అడ్డొచ్చిన మా చిన్నాన్న, పట్నంలో గాలం పట్టడానికి మాత్రం పొద్దున్నే లేచేవాడు. ప్రతి ఆదివారం సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాళ్లగట్టు మీద పంచె ఎగ్గట్టి నిలబడేవాడు, చుట్టూ చప్పట్లు కొట్టడానికి నలుగురు సావాసగాళ్లు. చేప పడితే ఆయన గొప్ప. పడకపోతే ఎర అమ్మినవాడి తప్పు, గాలి తప్పు, వీధి మలుపులో ఎదురొచ్చిన పిల్లి తప్పు. ఆ పిల్లి పాపం రోజూ అదే మలుపులో ఉండేది, చేపలు పడిన ఆదివారం దాన్ని ఎవరూ మెచ్చుకున్న పాపాన పోలేదు.

ఓసారి ఏదో విదేశీ ఓడ మీద పనిచేసేవాడు ఈయన దగ్గర బీడీకట్ట తీసుకుని బదులుగా ఓ వింత వస్తువు ఇచ్చాడు. ఎర అక్కర్లేని గాలం అది. సన్నటి తీగకి ఆకు లాంటి చిన్న రేకు, దాని కింద పూసలు, ఆ కింద బరువుకి సీసం, చివర మూడు కొక్కేల గాలం. నీళ్లలో లాగితే ఆ రేకు తీగ చుట్టూ గిరగిరా తిరుగుతూ మెరుస్తుంది. పెద్ద చేప దాన్ని పారిపోతున్న చిన్న చేప అనుకుని నోరు తెరుచుకుని వచ్చేస్తుంది. మేం దానికి తిరుగుడు చేప అని పేరు పెట్టాం. దాంతో చిన్నాన్న కొన్నాళ్లు పెద్ద పెద్ద పార చేపలు పట్టి, ఇంటికి దగ్గరి దారి ఉండగా నాలుగు వీధులు చుట్టి మరీ తెచ్చేవాడు. తర్వాత అది రాళ్ల సందులో ఇరుక్కుని తెగిపోయింది. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలిగించడానికి కూడా అమ్మ భయపడింది.

ఆ ఏడుపు చూడలేక అప్ప రంగంలోకి దిగింది. మా వైపు అక్కని అప్ప అంటాం. మా అప్ప పేరు నూకరత్నం. నాకంటే కొంచెం పెద్దది, కానీ ఒక్క వస్తువుని ఒక్కసారి చూస్తే చాలు, దాన్ని విప్పి మళ్లీ బిగించినంత తెలిసేది దానికి. ఇంట్లో గొళ్లెం ఊడినా, గొడుగు వంగినా, స్టవ్వు మండకపోయినా అప్పకే పిలుపు. తిరుగుడు చేపని గూట్లో ఉండగా చూసింది, అంతే. దానికి సొట్టపడి మూలనపడ్డ ఇత్తడి మరచెంబు మూత కనపడింది. ఆ మూత నడుమ కొంచెం ఉబ్బుగా ఉంటుంది కదా, రేకుకి కావాల్సింది సరిగ్గా ఆ ఉబ్బే. నన్ను వెంటేసుకుని, రేకుపెట్టెలు చేసే సాయిబు తాత దుకాణానికి తీసుకెళ్లింది.

ఆయన కత్తెరతో మూతలోంచి వేపాకంత ముక్క కత్తిరించి, పైన బెజ్జం కొట్టి, వెలుతురుకి పట్టి చూశాడు. "చెవికమ్మ లాగుంది బేటీ. ఒకటే చేస్తే రెండో చెవికి ఏం పెడతావ్?"

"సెవికి కాదు తాతా, సేప నోటికి" అంది అప్ప.

"చేపలక్కూడా నగలా! నీ పెళ్లికి మాత్రం మీ నాన్న ఏం పెట్టడు, చూసుకో" అని నవ్వి, మూడు గాలాలు వెన్నూ వెన్నూ ఆనించి అతికించి, బరువుకి ఓ సీసం ముక్క కూడా ఇచ్చాడు.

తీగ కోసం నాన్న తెచ్చిన, తెగిపోయిన క్రేను ఇనుపతాడులోంచి అప్ప ఒక పోగు విప్పింది. తన మెడలో దండ తెంపి ఎర్ర గాజుపూసలు తీసింది. రేకుని తీగకి తగిలించే చిన్న మడతని పౌడరు డబ్బా రేకుతో చేసింది. ఆ మడత బిగుతైతే రేకు తిరగదు, వదులైతే తీగకి కొట్టుకుంటుంది. దాన్ని ఎన్నిసార్లు విప్పి, వంచి, మళ్లీ ఎక్కించిందో, వేలి కొసలన్నీ చీరుకుపోయాయి. చివర్న చింతపండు పెట్టి తోమితే రేకు కొత్త కాసులా మెరిసింది. పెరట్లో సిమెంటు తొట్టి నిండా నీళ్లు పోసి, దారం కట్టి ఆ చివర నుంచి ఈ చివరకి లాగింది. మొదట కాస్త ఒరిగింది, తర్వాత ఒక్కసారి అందుకుంది చూడండి, రేకు కనపడలేదు, దాని బదులు ఓ మెరుపు బుడగ నీళ్లలో పరుగెత్తింది. నేను తొట్టిలోకి దూకినంత పని చేశాను. అమ్మ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. చిన్నాన్న కూడా వచ్చాడు, లాగి చూశాడు, మళ్లీ లాగి చూశాడు.

"బాగానే కుదిరినాదే" అన్నాడు.

"అయితే సిన్నాన్నా, ఆదివారం నాను కూడా వత్తాను. ఓపాలి నాను ఇసురుతాను."

ఆడపిల్లలు ఎవరూ ఆ రాళ్ల మీదకి గాలం పట్టుకుని వెళ్లేవారు కాదు. కానీ పని అయిపోయిన సంతోషంలో ఉన్నాడు కదా, "రా, రా. నీకు ఓ ఇసురు ఇత్తాను" అన్నాడు. ఆ వారమంతా అప్ప పెరట్లో చీపురుపుల్లకి దారం కట్టి విసరడం నేర్చుకుంది. మా ఇంటి తులసికోటకి తగలని రోజు లేదు.

శనివారం సాయంత్రం చిన్నాన్న స్నానం చేసి, కొత్త గాలానికి పూజ చేస్తానని కూర్చున్నాడు. మా ఇంట్లో కొత్తది ఏదైనా సరే, కత్తిపీటైనా, కుంపటైనా, సైకిలైనా, పసుపు పూసి బొట్టు పెట్టి పసుపుదారం కట్టకుండా వాడేవాళ్లం కాదు. మంచిదే. కత్తిపీటకి పసుపు పూస్తే వంకాయకి వచ్చిన నష్టం లేదు. కానీ ఈయన నూనెలో కలిపిన పసుపు ముద్దని బొటనవేలితో పూసల సందుల్లోకి దట్టించాడు. దాని మీద కుంకుమ అద్దాడు. అది చాలక పసుపుదారాన్ని సరిగ్గా ఆ చిన్న మడత చుట్టూ పేటలు పేటలుగా చుట్టి ముడేశాడు.

"సిన్నాన్నా, అక్కడ కట్టకు. తిరగదు. కొక్కేనికి కట్టు" అంది అప్ప.

"దేవుడికి నువ్వు సెప్తావేటే, ఎక్కడ కట్టాలో!"

"దేవుడికి కాదు, నీకు సెప్తన్నాను."

నేను ఫక్కున నవ్వాను. నవ్వినందుకు నాకు పడింది, మాట అన్నందుకు అప్పకి పడింది. గాలం పసుపు ముద్దలో మునిగి దేవుడి గూట్లో పడుకుంది.

ఆదివారం రాళ్లగట్టు మీద సావాసగాళ్లు ముందే చేరి ఉన్నారు. వారమంతా ఈయన చేసిన ప్రచారం అలాంటిది. చిన్నాన్న గాలాన్ని తల చుట్టూ తిప్పి విసిరాడు, లాగాడు. రేకు కదల్లేదు. ఎండిన తమలపాకులా చచ్చి తేలుతూ వచ్చింది. మళ్లీ విసిరాడు. నీళ్లకి దారం ఉబ్బి ఇంకా బిగుసుకుంది. "ఏటి బావా, నీ సేపకి పెళ్లి సేసి తెచ్చినావేటి? సిగ్గుపడి తిరగట్లేదు!" అన్నాడొకడు. అందరూ విరగబడి నవ్వారు.

అప్ప ముందుకొచ్చింది. "దారం తీసెయ్యి సిన్నాన్నా. నాకివ్వు, తీసి ఇత్తాను."

ఇస్తే పోయేది. గోటితో ఒక్క ముడి. కట్టిన పసుపుదారం తెంపితే అరిష్టం అన్నాడు. ఆ మాటతో ఆగినా బాగుండేది. నవ్వుతున్న నలుగురి వైపు తిరిగి, వాళ్లకి మళ్లీ నవ్వే అవకాశం లేకుండా అన్నాడు: "నాను పూజ సేసినాను, పునస్కారం సేసినాను. ఇంకేటి సెయ్యాలి? ఇది సేసిన సెయ్యి మంచిది కాదురా. దీని హస్తవాసి అలాటిది."

వాళ్లు నవ్వడం మానేశారు. తలలూపారు. పెద్ద విషయం విన్నట్టు, ముందే తెలిసిన విషయం విన్నట్టు. అప్ప చెయ్యి చాపి అలాగే ఉంది. చిన్నాన్న గాలం కట్టిన తాడు కొరికి, గాలాన్ని గిరాటేశాడు. మరచెంబు మూత, ఎర్రపూసలు, అన్నీ కలిసి సముద్రంలో పడ్డాయి. చేప కోసం విసిరినప్పుడు కూడా ఆ రోజు అంత దూరం విసరలేదు. "నీ పసుపుకి ఆగిపోనాది, అప్ప సెయ్యేటి సేత్తది!" అని నేను అరిచాను. రాళ్ల మీంచి ఇంటి దాకా నన్ను చెవి పట్టుకునే తీసుకొచ్చాడు.

పోయింది చేప కాదు. చేపలు చేసుకోవచ్చు. ఆ మాట ఇంటికొచ్చింది. అమ్మ విన్నది, పక్కవాటా వాళ్లు విన్నారు, బస్సెక్కి పద్మనాభం పోయింది. ఆ ఏడాది పల్లెలో నారుమడికి విత్తనాలు చల్లే రోజున అప్ప దోసిలి పడితే, మా నాయనమ్మ "నువ్వొద్దులేయే, తమ్ముడు సల్లుతాడు" అంది. ఎంత మెత్తగా అందో! తిట్టినా బాగుండేది. విత్తనం, పెరుగు తోడు, ఊరగాయ జాడీ, బాలింత బిడ్డకి మొదటి ఉగ్గు, ఏది మొదలుపెట్టాలన్నా అప్ప ఒక్కటి తప్ప ఇంకెవరైనా సరే. గొళ్లెం ఊడితే మాత్రం అప్పే కావాలి. బాగుచెయ్యడానికి పనికొచ్చే చెయ్యి మొదలెట్టడానికి పనికిరాదట. దారం చుడితే రేకు తిరగదని ఆ ఇంట్లో ఇంతమంది పెద్దల్లో ఒక్కరికి తట్టలేదా? తట్టింది. అప్ప చెప్పగా విన్నారు కదా! కానీ చిన్నాన్న పూజ తప్పు అనడం కంటే పిల్ల చెయ్యి తప్పు అనడం వాళ్లకి సుళువు. నాకు ఆయన మీద ఉన్న కోపం ఒకెత్తు, ఆ తలలు ఊపిన వాళ్ల మీద ఉన్న కోపం ఇంకో ఎత్తు. చిన్నాన్న పోయి చాలా కాలమైంది. పోయినవాళ్లని ఏమీ అనకూడదంటారు. ఎందుకు అనకూడదు? ఆయన ఉన్నవాళ్లని అనలేదా?

ఇప్పుడు ఆ రాళ్లగట్టు దగ్గరికి కంచె దాటి పోనివ్వరు. పెంకుటిల్లు పోయి మేడ లేచింది, రేకుపెట్టెల దుకాణం ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. చేత్తో తిరుగుడు చేప చేసే పిల్లలెవరూ నాకు కనపడలేదు, ప్లాస్టిక్ సంచుల్లో వేలాడేవి కొనుక్కుంటున్నారు. అన్నీ పోయాయి, అప్పకి పడిన ఆ పేరు పోలేదు. పోయిన వేసవిలో గాజువాకలో అప్ప ఇంటికి వెళ్తే ఆవకాయ కలుపుతోంది. ముక్కలు కొట్టింది అప్ప, కారం దంచింది అప్ప, నూనె తూచింది అప్ప. అంతా సిద్ధం చేసి, తొలి గుప్పెడు జాడీలో వెయ్యడానికి పక్కింటావిడని కేకేసింది. మనవలున్న మనిషి, తన ఇంట్లో, తన జాడీ! నాకు ఒళ్లు మండిపోయింది. అప్ప చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని, గుప్పిట్లో ముక్కలతో సహా జాడీలోకి దింపేశాను.

"ఓలమ్మ! వదలరా గుంటడా, సెడిపోద్దిరా!" అని గింజుకుంది. వదల్లేదు.

నెలనెలా ఫోను చేసి అడిగాను, బూజు పట్టిందా అని. పట్టలేదు. మొన్న పళ్లు కొరుక్కున్న రోజే మళ్లీ చేశాను. ఏడాది తిరిగింది, జాడీ అడుగుకొచ్చింది, అల్లుడు ఇంకా కావాలంటున్నాడట. "సూసినావా అప్పా, నీ సెయ్యి!" అన్నాను, గెలిచినవాడిలా.

అప్ప నవ్వింది. "నాదేటిరా? నువ్వు పట్టుకున్నావు కదా. నీ సెయ్యి మంచిది" అంది.