కుడిచేతి మూలన తెల్ల గడి

మా చెస్ సారు పోయారని మైదుకూరు నుంచి ఫోనొచ్చింది. పేపర్లో చూసి తెలుసుకునే అవకాశం ఎటూ లేదు. బతికున్నన్నాళ్లూ ఆయన పేపర్ల కంటికి ఆనలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో చాపలు పరిచి మాకు ఆట నేర్పేవారు. బోర్డు వేసేటప్పుడు ఎప్పుడూ ఒకటే మాట: "కుడిచేతి మూలన తెల్ల గడి రావల్లమ్మా. అదే తప్పితే ఇంక ఆట యాడిది?"

నేను గెలిచిన జిల్లా పోటీ ఒక్కరోజులో అయిపోయింది. పొద్దున ప్రారంభించడానికొచ్చిన నాయకుడి ముందు బోర్డు అడ్డంగా వేశారు. ఆయన ఏనుగును బంటు మీదుగా దూకించి కెమెరాకేసి నవ్వాడు. సారు బోర్డు సరిచేయబోతే ఫొటోగ్రాఫరు, "పక్కకు రా పెద్దాయనా, అడ్డమొస్తాండావు" అని కసిరాడు. మర్నాడు పేపర్లో ఆ ఫొటోనే వేశారు. కింద నాయకుడి పేరు, ఆయన బావమరిది పేరు, షామియానా వేయించినాయన పేరు, చివర "తదితరులు పాల్గొన్నారు". గెలిచిన నేనూ నేర్పిన సారూ ఆ తదితరుల్లో ఉన్నాం.

నేను ఏడుస్తుంటే సారు నవ్వారు. "మన ఇంటిపేరే తదితరులు లేమ్మా. బోర్డు ఎయ్యి, ఇంకో ఆట ఆడదాం."

నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు. బండలాగుడు పోటీలో గెలిచిన ఎడ్లు ఎవరివో ఊరితో సహా తప్పులేకుండా రాస్తారు కదా, మా దగ్గరికొచ్చేసరికి వీళ్ల కలంలో సిరా ఎందుకు ఎండిపోతుంది? మన దేశపు పిల్లలు పెద్ద పోటీల్లో గెలిచినప్పుడు ఒక టీవీ అబ్బాయి సారును వెతుక్కుంటూ వచ్చాడు. పిల్లల చేతికి పావులిచ్చి గట్టిగా అరవమన్నాడు. "ఇది అరిచే ఆట కాదప్పా. కూచోని చూడు" అన్నారు సారు. అతనికి కూర్చునే తీరిక లేదు. ఒక దండం పెట్టి పంపేస్తే చాలనుకున్నాను నేను. సారు మాత్రం అతనికి టీ తాగించి పంపారు. ఆ ఓర్పు నాకు అబ్బలేదు.

అంత్యక్రియల రోజు చర్చిలో ఆయన శవపెట్టె ముందు చిన్న బల్ల మీద ఎవరో బోర్డు పెట్టారు. ఆ నాయకుడే వచ్చి, దండ వేస్తూ కెమెరా కోసం చేయి ఆపాడు. బోర్డు చూశాను. కుడి మూల నల్లగా ఉంది. లేచి వెళ్లాను.

"అక్కా, పక్కకు రా. అడ్డమొస్తాండావు" అన్నాడు ఫొటోగ్రాఫరు.

"ఉండప్పా. నీ ఫొటో యాడికీ పోదు."

బోర్డు తిప్పాకే పక్కకొచ్చాను.

మర్నాడు ఫొటో వేశారు. నాయకుడున్నాడు, దండ ఉంది. సారు పేరు లేదు, మొహం దండ చాటున పోయింది. బోర్డును కూడా అంచున కత్తిరించేశారు. కింద కుడిచేతి మూలన ఒక్క గడి మిగిలింది. తెల్లది.