బాబాయ్ ముట్టుకోని థీసిస్

యూనివర్సిటీ వెనక గేటు దాటి మందుల షాపు పక్క సందులోకి తిరిగితే ముందు జిగురు వాసన పలకరిస్తుంది, ఆ తర్వాతే బైండింగు బాబాయ్ కొట్టు కనిపిస్తుంది. రెండు కంప్యూటర్లు, ఓ జిరాక్సు మిషను, అట్టల మీద బంగారు రంగు అక్షరాలు అద్దే చిన్న ప్రెస్సు, వచ్చినవాళ్లు కూర్చోవడానికి మూడు కుర్చీలు. బోర్డు మీద టైపింగు, ప్రింటింగు, బైండింగు అని మూడు పనులే రాసి ఉంటాయి. జనం వచ్చేది మాత్రం బోర్డు మీద లేని నాలుగో పని కోసం.

ఆ నాలుగో పనిని బాబాయ్ 'ఇస్త్రీ' అంటాడు. రీసెర్చి చేసేవాళ్లు తెచ్చిన ఫైలును కాపీలు పట్టే సాఫ్ట్‌వేరులో వేస్తే, ఎక్కడెక్కడినుంచో ఎత్తుకొచ్చిన వాక్యాలన్నీ ఎర్రగా తేలతాయి. కొందరి ఫైళ్లు మిరపకాయలు ఆరబోసినట్టుంటాయి. బాబాయ్ కూర్చుని ఆ ఎరుపంతా పోయేదాకా వాక్యాలను తిరగేస్తాడు, విరగ్గొడతాడు, అతుకుతాడు. మొదట్లో అంతవరకే. రానురాను, దొంగ సరుక్కి రంగు మార్చడం కన్నా కొత్తది నేయడమే సుళువని తెలిసొచ్చింది. భాషలు, చరిత్ర, వాణిజ్యం, గ్రంథాలయ శాస్త్రం, ఆయన చెయ్యి పెట్టని సబ్జెక్టు లేదు. ఆయనా ఒకప్పుడు రీసెర్చి స్కాలరే. గైడు పోయాడు, స్టైపెండు ఆగింది, చదువు మధ్యలో చతికిలబడింది. తనది తప్ప అందరి థీసిస్‌లూ పూర్తి చేసిన మహానుభావుడని సందులో వాళ్లు నవ్వేవారు. ఆయనా వాళ్లతో కలిసి నవ్వేవాడు. చేసే పని తప్పని తెలియక కాదు. తెలిసీ, అడిగేవాళ్లు లేరు కదా అని.

ఆయనకు ఒక్కతే కూతురు, బుజ్జి. దాని చిన్నతనంలోనే తల్లికి జబ్బు చేసింది. ఆసుపత్రి వరండాలో నర్సు వచ్చి, "మీవాళ్లెవరైనా ఉంటే పిలిపించుకోండి" అంది. బుజ్జి తండ్రి చొక్కా పట్టుకుని, "ఎవరొస్తున్నారు నాన్నా?" అని అడిగింది. చుట్టాలొస్తున్నారనుకుని, వెళ్లి కుళాయి దగ్గర మొహం కడుక్కొచ్చింది కూడా. నీళ్లు కారుతున్న ఆ మొహాన్ని బాబాయ్ ఇప్పటికీ మరిచిపోలేదు.

తల్లి పోయాక పిల్ల పెరిగింది కొట్లోనే. బడి నుంచి వచ్చి జిరాక్సు మిషను పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. బాబాయ్‌కి వాక్యాన్ని పైకి చదువుకుంటూ టైపు కొట్టే అలవాటు. వేరే పిల్లలకు జోలపాటలెలాగో బుజ్జికి ఆ వాక్యాలు అలాగ. వ్యాసం ఎలా రాయాలని అడిగితే ఆయన నేర్పింది ఒక్కటే. "చదివేవాడికి ఏ అనుమానం వస్తుందో ముందు నువ్వే అడిగెయ్. అడిగాక తొందరపడకు, చెయ్యి పట్టుకుని నడిపించినట్టు జవాబు దాకా తీసుకెళ్లు." అందుకే ఆ ఇంట్లో ఇద్దరి రాతా ఒకటే. ముందొక ప్రశ్న, వెనకే ఓపిగ్గా సాగే పొడుగాటి వాక్యం, చివర చిన్న మాటతో ముడి. పిల్లకు తండ్రి ముక్కూ తండ్రి నడకా వచ్చినట్టే తండ్రి రాతా వచ్చింది. అందులో వింతేముంది?

పెద్దయ్యాక బుజ్జి భాషాశాస్త్రంలో రీసెర్చికి చేరింది. ఆసుపత్రుల్లో చావు కబురు ఎలా చెబుతారన్నది ఆమె ఎంచుకున్న విషయం. ఎందుకు ఎంచుకుందో బాబాయ్ అడగలేదు. అనుమతులు తెచ్చుకుని నెలల తరబడి వార్డుల బయట కూర్చుంది, డాక్టర్ల మాటలూ నర్సుల మాటలూ రికార్డు చేసింది, ప్రతి ముక్కా విని టైపు చేసి కంప్యూటరులోకి ఎక్కించింది. ఏ మాట ఎన్నిసార్లు వచ్చింది, దాని ముందూ వెనకా ఏ మాటలు కూర్చున్నాయి అని లెక్క తీసే సాఫ్ట్‌వేరు ఒకటుంది. అందులో 'చనిపోయారు' అని వెతికితే దాదాపు దొరకనే లేదు. దొరికినవి వేరు. 'మా చేతుల్లో ఏం లేదండి.' 'చెయ్యగలిగిందంతా చేశాం.' 'మీవాళ్లెవరైనా ఉంటే పిలిపించుకోండి.' ఆ చివరి వాక్యం తెర మీద ఒకదాని కింద ఒకటిగా, వేర్వేరు గొంతులది, పేజీలకు పేజీలు వచ్చిన రోజున బుజ్జి కొట్టుకొచ్చి ఆ పాత స్టూలు మీద కూర్చుంది.

రాయడం మొదలుపెట్టేముందే తండ్రి చేత ఒట్టు వేయించుకుంది. "నాన్నా, నా ఫైలు నీ కంప్యూటర్లోకి రాదు. నువ్వు ఒక్క కామా కూడా పెట్టకూడదు."

"పెట్టను తల్లీ."

"తప్పులు కనబడినా?"

"నీ తప్పులు నువ్వే ఉంచుకో. నాకెందుకు?" అన్నాడు. అన్నాడే గానీ ఆ రోజు కొట్టుకొచ్చిన ప్రతివాడికీ, మా అమ్మాయి తన థీసిస్‌ను నన్ను ముట్టుకోవద్దందయ్యా అని మురిసిపోతూ చెప్పుకున్నాడు.

ఒట్టు నిలబెట్టుకున్నాడు. ముట్టుకోవడం మాట అటుంచి, చదవను కూడా లేదు. చివర్లో అట్ట మీద కూతురి పేరు అద్దేటప్పుడు మాత్రం ప్రెస్సును రెండుసార్లు తుడిచాడు. ఈ కొట్లోంచి మకిలి అంటకుండా బయటికెళ్లిన థీసిస్ ఇదొక్కటే అనుకున్నాడు. నిజం కూడా అదే.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉండనే ఉంటాడు. యూనివర్సిటీ కొత్త సాఫ్ట్‌వేరు కొన్నది. అది కాపీని పట్టదు, రాసిన మనిషిని పడుతుంది. వాక్యం ఎంత పొడుగు, ఎలా మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుంది, ఏ చిన్న మాట మాటిమాటికీ వస్తుంది, ఇలా మనకు తెలియకుండా మన రాతలో పడిపోయే అలవాట్లన్నీ లెక్కగట్టి, రెండు రాతలు ఒకరివో కాదో చెబుతుంది. ఈమధ్య కాలపు థీసిస్‌లన్నీ అందులో వేశారు. సబ్జెక్టులు వేరు, పేర్లు వేరు, గైడులు వేరు, కానీ ఒక పెద్ద గుంపును రాసిన చెయ్యి మాత్రం ఒకటేనని తేలింది. ఆ చెయ్యి ఎవరిదో చెప్పడానికి సాఫ్ట్‌వేరు అక్కర్లేదు, సందులో టీ కొట్టువాణ్ణి అడిగినా చెబుతాడు. ఆ గుంపులో బుజ్జి థీసిస్ కూడా ఉంది.

అందరికీ నోటీసులు వెళ్లాయి. చాలామంది తేలుకుట్టిన దొంగల్లా నోరెత్తలేదు. బుజ్జి ఒక్కతే, నాది నేనే రాశానని జవాబిచ్చింది. సరే, నెట్ లేని కంప్యూటరు ముందు కూర్చుని మా ఎదుట నీ విషయం మీదే రాయి, ఆ రాతను సాఫ్ట్‌వేరుతో పరీక్షిస్తాం అంది విచారణ కమిటీ. దేనితో పోల్చి పరీక్షిస్తారన్నది మాత్రం చెప్పలేదు.

"భయమేం లేదు నాన్నా. ఎప్పుడూ రాసేట్టే రాసొస్తాను" అంది బుజ్జి.

బాబాయ్ జిరాక్సు మిషను ఆపేశాడు. "అదే వద్దంటున్నా. నీ రాత అచ్చం నా రాతే కదే. రేపు అక్కడ రాసింది కూడా నా చెయ్యే అని చెప్పిందనుకో, నేను ఇంట్లో బట్టీ పట్టించి పంపానంటారు. ఇంకేమైనా ఉందా?"

"మరి ఎవరిలా రాయమంటావు?"

"ఎవరిలాగైనా రాయి. నాలా మాత్రం వద్దు. ఈ మిషన్లతో ఇన్నేళ్లు కాపురం చేశాను, వీటి సంగతి నాకొదిలెయ్."

"వాళ్లు పోల్చేది నీతో కాకపోతే?"

"నాతో కాక ఇంకెవరితో పోలుస్తారే, దొంగని నేనైతే!"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అంటారు. ఈయన తన భుజాలతో ఆగలేదు. ఏ పాపం ఎరగని పిల్ల భుజాలు కూడా తడిమాడు.

అప్పట్నుంచి పరీక్ష దాకా కొట్టు మూసి తర్ఫీదు. బుజ్జి ప్రశ్నతో మొదలుపెడితే కొట్టేశాడు. వాక్యం కాస్త సాగితే నడుం మీద విరగ్గొట్టాడు. "పొట్టిగా రాయి. ఇంకా పొట్టిగా. ఎవరి చెయ్యీ పట్టుకోకు, చెప్పాల్సింది పడేసి వెళ్లిపో." ఇన్నేళ్లు పరాయివాళ్ల ఫైళ్లకు చేసిన ఇస్త్రీ ఇప్పుడు కన్నకూతురికి చేశాడు. పిల్ల మొదట విసుక్కుంది. తర్వాత ఒకసారి కీబోర్డు మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత భయం గెలిచింది, అలవాటు పడింది. చివరికో పేజీ రాసి చూపిస్తే బాబాయ్ ఆసాంతం చదివి తల ఊపాడు. "ఇప్పుడు మీ అమ్మ వచ్చి చదివినా నీదని గుర్తుపట్టదు" అన్నాడు. వెర్రి మనిషి, ఆ మాట సంతోషంతోనే అన్నాడు.

ఫలితం చెప్పే రోజున తండ్రీ కూతుళ్లు ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చున్నారు. బుజ్జి గైడు మేడమ్ లోపల్నుంచి బయటికొచ్చింది. మంచి మనిషి, మొదటినుంచీ బుజ్జి పక్షాన నిలబడింది. దగ్గరికొచ్చి పిల్ల భుజం మీద చెయ్యి వేసి, "చెయ్యగలిగిందంతా చేశానమ్మా" అంది.

బుజ్జికి ఇంకేం వినక్కర్లేకపోయింది. ఆ వాక్యం దేనికి ముందు వస్తుందో లెక్కపెట్టిన పిల్ల అది. గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. బాబాయ్‌కే అర్థం కాలేదు.

"ఏమైంది మేడమ్? నా రాతతో కలిసిందా?"

"మీ రాతతో పోల్చడమెందుకండీ? థీసిస్ మీ రాతలా ఉందని ముందే తేలింది కదా. మా ఎదుట రాసింది తన థీసిస్‌తో కలిస్తే చాలు, అది తనదేనని ఒప్పేసుకుంటామన్నారు. నేనే పట్టుబట్టి పెట్టించాను ఈ పరీక్ష." ఆమె గొంతు తగ్గించింది. "పోలికే లేదు. వేరే మనిషి రాసినట్టుంది. ఎందుకు తల్లీ అలా రాశావు?"

బుజ్జి తండ్రి వైపు చూడలేదు. తిట్టినా, కనీసం కోపంగా చూసినా ఆయనకు కాస్త ఊపిరి ఆడేది.

బాబాయ్ తలుపు తోసుకుని లోపలికెళ్లాడు. పొడుగాటి బల్ల వెనక అధ్యక్షుడు, ఇద్దరు సభ్యులు, రాసుకోవడానికో గుమాస్తా. సభ్యుల్లో కళ్లజోడాయన్ను బాబాయ్ వెంటనే గుర్తుపట్టాడు. ఎప్పుడో చాలా ఏళ్ల కిందట అదే సందులో, అదే కుర్చీలో కూర్చుని ఇస్త్రీ చేయించుకున్న మనిషి. అంత పాత థీసిస్‌లు సాఫ్ట్‌వేరులో వెయ్యలేదు.

"అయ్యా, అలా రాయమన్నది నేనండి" అన్నాడు బాబాయ్. "నా రాతలా ఉంటే పట్టుకుంటారని భయపడి నేనే మార్పించాను. థీసిస్ మాత్రం నేను ముట్టుకోలేదు, నా బిడ్డ మీద ఒట్టు. ఇంకొక్కసారి కూర్చోబెట్టండి. తనలాగే రాస్తుంది."

అధ్యక్షుడు ఏదో అనబోయాడు. ఈలోగా కళ్లజోడాయన కాగితాల్లోంచి తల ఎత్తకుండానే అడిగాడు. "అంటే సాఫ్ట్‌వేరును మోసం చెయ్యడం ఎలాగో మీ అమ్మాయికి మీరే తర్ఫీదు ఇచ్చారు. అంతేనా?"

"అంతే కానీ..."

"ఈసారి కూర్చోబెడితే థీసిస్‌లా రాయడానికి తర్ఫీదిస్తారు. మేం దేన్ని నమ్మాలండీ? రాసుకోవయ్యా" అన్నాడు గుమాస్తాతో.

నీది రాసిందెవరయ్యా అన్న మాట బాబాయ్ గొంతు దాకా వచ్చింది. అంటే మాత్రం ఏం ఒరుగుతుంది? ఊళ్లో అందరివీ రాసినవాడు కూతురిది ఒక్కటే రాయలేదంటే నమ్మే అమాయకుడెవడు? ఇన్నేళ్లు ఆయన అబద్ధాలు రాస్తే యూనివర్సిటీ పట్టాలిచ్చింది. జన్మకోసారి నిజం చెబితే అది సాక్ష్యమై పిల్ల మెడకు చుట్టుకుంది. నోరు మూసుకుని బయటికొచ్చాడు.

థీసిస్ రద్దయింది. బాబాయ్ నాలుగో పని మానేశాడు, ఆ మానడం ఇప్పుడెవరికీ పనికొచ్చేది కాదు. పైవాళ్లకు ఒక అప్పీలు పెట్టుకోండి, అమ్మాయి మనసు విప్పి తన మాటల్లో రాస్తే వింటారేమో అని గైడు మేడమ్ కబురు చేసింది. మిగిలింది ఆ ఒక్క దారే. బుజ్జి కొట్లో రెండో కంప్యూటరు ముందు కూర్చుని రాసింది. పూర్తయిందంటే బాబాయ్ వంగి చదివాడు. 'థీసిస్ నేనే రాశాను. ఎవరి సాయమూ లేదు. పరీక్షలో భయపడ్డాను. మళ్లీ పరిశీలించండి.' అంతే.

"ఇదేంటమ్మా ఇలా? వాళ్లకి ఏ అనుమానం వస్తుందో ముందు నువ్వే అడిగి..."

"అలాగే మొదలుపెట్టాను నాన్నా. రావట్లేదు." వేళ్లు కీబోర్డు మీదే ఉన్నాయి. "ప్రశ్న రాయగానే నువ్వు కొట్టేస్తున్నట్టు ఉంటోంది. వాక్యం కాస్త సాగితే చెయ్యి దానంతటదే ఆగిపోతోంది."

"నేను కొట్టెయ్యనే. రాయి."

"తెలుసు నాన్నా. రావట్లేదు."

బుజ్జి కుర్చీలోంచి లేచి పక్కకు జరిగింది.

"నువ్వు రాయి" అంది.

బాబాయ్ ఆ కుర్చీలో కూర్చున్నాడు. బుజ్జిలా రాయగలిగినవాడు ఇప్పుడు లోకంలో ఆయనొక్కడే. కీబోర్డు దగ్గరికి లాక్కుని ముందు ప్రశ్న రాశాడు, దాని వెనక పొడుగాటి వాక్యాన్ని ఓపిగ్గా నడిపించుకుంటూ వెళ్లాడు. నిజాలే రాశాడు, ఒక్క అబద్ధం లేకుండా రాశాడు. కళ్లు మసకబారితే చొక్కా చేతికి తుడుచుకుని మళ్లీ రాశాడు. బుజ్జి ఆయన భుజం మీదుగా చివరిదాకా చదివింది.

"అచ్చం నేను రాసినట్టే ఉంది నాన్నా" అంది. ప్రింటు తీసి, కింద సంతకం పెట్టింది.