బియ్యం సంచిలో చెప్పులు

దయ్యాలకి నా దగ్గర ఎప్పుడూ చోటు లేదు. దేవుడికే వారానికి గంటన్నర ఇచ్చేవాణ్ణి. అయినా సౌదీలోని నజ్రాన్‌లో ఒక శుక్రవారం వచ్చిన వాసన గురించి రాయక తప్పడం లేదు.

అప్పుడు నేను సైట్ ఇంజినీర్‌ని. సౌదీ వాళ్ళని సరిపడా పెట్టుకోలేదని నితాఖత్ అనే సర్కారు కోటా లెక్కలో మా కంపెనీ ఎరుపు జాబితాలో పడింది. ఇక మా ఇఖామాలు, అంటే అక్కడ ఉండటానికిచ్చే కార్డులు, రెన్యువల్ కావు. సర్కారుకి లెవీ కట్టడం కంటే మమ్మల్ని మర్చిపోవడమే యాజమాన్యానికి తేలికనిపించింది.

మేస్త్రీ దావీదన్నది నిర్మల్ దగ్గర. ఇఖామా అయిపోయి నాలుగు నెలలు. దేశం వదిలి ఇంటికెళ్ళడానికి ఎగ్జిట్ కాగితం వారంలో వస్తుందన్నారు. ఈలోగా తనిఖీలో దొరికితే జైలు, వేలిముద్రలు. మళ్ళీ ఈ దేశంలో అడుగుపెట్టే వీల్లేదు. తిరిగొచ్చి చేరడానికి ఇక్కడే ఖఫ్జీలో కొత్త పని అప్పటికే మాట్లాడుకుని ఉన్నాడు.

చర్చిలకి అనుమతి లేని దేశం కాబట్టి మా చర్చి కూడా ఆయన గదే. ఐదుగురం మనుషులం, పాట బయటికి పోకుండా గరగరలాడే ఏసీ. గుమ్మం బయట ఐదు జతలు కనిపిస్తే ఎవరికైనా అనుమానం వస్తుందని, చెప్పులన్నీ ఒక బాస్మతి సంచిలో వేసి మంచం కిందికి తోసేవాళ్ళం. మామూలు రోజుల్లో కూడా ఆ సంచి పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు.

ముందురోజు సాయంత్రం అందరం అల్ ఉఖ్దూద్ శిథిలాలు చూడటానికి వెళ్ళాం. విశ్వాసం వదలని క్రైస్తవుల్ని కందకంలో వేసి కాల్చారని చెప్పుకునే చోటు. రాతిగోడ మీద పాము, గుర్రం చెక్కి ఉన్నాయి. పునాదుల మధ్య మట్టి నల్లగా ఉంది. దావీదన్న చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడిచాడు. నేను ఫోటోలు తీసుకుంటూ తిరిగాను.

మర్నాడు పొద్దున రెండో పాట మధ్యలో వాసన మొదలైంది. కాలిన వెంట్రుకలు, వాటి వెనకే కాలిన కొవ్వు. నాలుక మీద జిడ్డులా అంటుకుంది. ఏసీ మెకానిక్ కిరణ్ వైర్లన్నీ చూశాడు. ఏదీ కాలలేదు. వంగి చూస్తే, సంచిలోంచి వస్తోంది.

"అన్నా, మీకంటే ముందు మీ చెప్పులకి ఎగ్జిట్ ఇప్పించాలి," అన్నాను. అందరూ నవ్వారు.

"నావి గావు సార్," అన్నాడు. మొహం చిన్నబోయింది. సంచి భుజాన వేసుకుని క్యాంపు వెనక నీళ్ళ ట్యాంకు దగ్గరికి నడిచాడు. గదిలో నిలవలేక మేమూ ఉత్త కాళ్ళతో వెళ్ళాం. కిరణ్ గోడ వారగా వాంతి చేసుకున్నాడు.

అప్పుడే ముందు వైపు బండ్లు ఆగిన చప్పుడైంది. ఇఖామాల తనిఖీ. శుక్రవారం పొద్దున ఎప్పుడూ రానివాళ్ళు వచ్చారు. తలుపులు కొట్టారు, ఇద్దర్ని పట్టుకెళ్ళారు. దావీదన్న గదిలో ఎవరూ లేరు. గుమ్మం బయట ఒక్క చెప్పూ లేదు.

వాళ్ళు పోయాక సంచి విప్పాం. చదువుకున్నవాణ్ణి కదా, ఒక్కొక్క చెప్పూ వాసన చూశాను. జీవితంలో అంత రోత పరిశోధన చెయ్యలేదు. రబ్బరు, చెమట. అంతే.

ఆయనకి ఎగ్జిట్ వచ్చింది. ఇంటికెళ్ళి కొత్త వీసా మీద తిరిగొచ్చి, ఇప్పుడు ఖఫ్జీలో ఉన్నాడు. ఒకసారి ఫోన్‌లో ఆ సంగతి ఎత్తితే తాపీగా అన్నాడు: "ఆడ నేను చెప్పులు ఇడిసిన సార్. గా మట్టి తొక్కింది మీరే గదా."

నిజమే. ఆ రోజు చేసిన ఎగతాళికి క్షమించమన్నాను. సరేనన్నాడు. మరి ఆ వాసన ఏమిటో ఆయనా చెప్పలేదు, నాకూ తెలీదు.

ఆ జత ఎప్పుడో పారేశాను. ఇప్పటికీ గుమ్మంలో చెప్పులు విప్పాక ఒకసారి వంగి వాసన చూస్తాను. ఎందుకని అడగడం ఇంట్లోవాళ్ళు మానేశారు.